విశాఖలో ఫ్లాటు: అద్దెకుండడమా, కొనుక్కోవడమా?

మురళీనగర్‌లో మేము ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తున రెండు ఫ్లాట్ల తలుపులు ఎదురెదురుగా ఉంటాయి. రెండింటి విస్తీర్ణమూ 1,200 చదరపు అడుగులే, రెండింటికీ రెండేసి పడక గదులే, పొద్దున్నే రెండింట్లోకీ ఒకే ట్యాంకు నీళ్లు వస్తాయి. తేడా అల్లా ఇటువైపు ఫ్లాటు నా పేరున రిజిస్టరై ఉండడం, అటువైపు దంపతులు ప్రతి నెలా ఐదో తారీఖులోగా తమ ఓనరుగారికి 16,000 రూపాయలు పంపుతుండడం. ఈ మధ్య అదే అంతస్తు ఫ్లాటుకు 60 లక్షలు చెబుతున్నారని తెలిసిన దగ్గర నుంచి ఆ ఇంటాయన నన్ను లిఫ్టు దగ్గర ఆపి ఒకటే అడుగుతున్నారు: "మాస్టారూ, ఇప్పుడైనా కొనేయమంటారా, ఇంకా ఆగమంటారా?" ఆయనకు రెండు ముక్కల్లో చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

విశాఖలో ఇళ్ల ధరలు పెరగడానికి ఒక కారణం నేల. తూర్పున సముద్రం, మధ్యలో సింహాచలం, కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండ, వాటి మధ్య పోర్టు, నౌకాదళం, స్టీల్‌ప్లాంటు భూములు పోగా ఊరికి సాగే దారి ప్రధానంగా జాతీయ రహదారి వెంట ఉత్తరానికే ఉంది. మధురవాడ, కొమ్మాది దాటి ఆనందపురం మీదుగా భోగాపురం దాకా లేఅవుట్ల బోర్డులు కనిపించేది అందుకే. రెండో కారణం ప్రకటనలు. 2019 డిసెంబరులో పరిపాలనా రాజధాని మాట వినబడగానే ఇక్కడి స్థలాలకు రెక్కలొచ్చాయి, 2024లో ప్రభుత్వం మారి అమరావతే రాజధాని అన్నప్పుడు ఆ ఆశ మీద కొన్నవారు ఉసూరుమన్నారు. 2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ కొండ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలను ఎకరా 99 పైసలకు కేటాయించారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ డేటా సెంటరు పెడతానని ప్రకటించింది. అలాంటి ప్రతి వార్త తర్వాతా బ్రోకర్ల ఫోన్లలో చదరపు అడుగు రేటు మారిపోతుంది.

అద్దెలు మాత్రం అలా మారవు. రేపు ఉద్యోగాలు వస్తాయన్న ఆశతో ఈనెల ఎవరూ రెండు వేలు ఎక్కువ అద్దె ఇవ్వరు. ఉద్యోగం వచ్చి, జీతం ఖాతాలో పడి, మనిషి సామాను లారీతో దిగినప్పుడే ఇస్తారు. డేటా సెంటరుకు పెట్టుబడి భారీగా ఉన్నా, కట్టడం పూర్తయ్యాక అందులో పనిచేసేవారు ఆ పెట్టుబడితో పోలిస్తే కొద్దిమందే. అందుచేత ధర రేపటిని, అద్దె ఇవాళటిని చెబుతాయని, ఆ రెండింటి మధ్య ఎడం పెరిగిన కొద్దీ బేరం అద్దెదారు వైపు మొగ్గుతుందని నా అభిప్రాయం. మా అంతస్తులో ఏడాది అద్దె 1,92,000 రూపాయలు, అంటే 60 లక్షల మీద 3.2 శాతం. బ్యాంకులో డిపాజిట్ చేసినా అంతకంటే ఎక్కువే వస్తుంది.

ఇప్పుడు ఎదురింటాయన లెక్క వేద్దాం. 30 లక్షల నుంచి 75 లక్షల దాకా గృహరుణానికి బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వవు కనుక 48 లక్షలు అప్పు, 12 లక్షలు చేతి డబ్బు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే పూర్తి ధర మీద నాలుగున్నర లక్షలు. వంటింటి వుడ్‌వర్కూ, బీరువాలూ, ఫ్యాన్లూ తక్కువలో తక్కువ మూడున్నర లక్షలు వేసుకుంటే ఇంట్లో పాలు పొంగించే నాటికి 20 లక్షలు చేయి దాటిపోతాయి. 48 లక్షలను 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెలకు 41,655 రూపాయల ఈఎంఐ పడుతుంది. నేను మొదటిసారి నా రుణం స్టేట్‌మెంటు చూసుకున్న రోజు ఇంకా గుర్తుంది, కట్టినదంతా ఒక గడిలోనూ, అసలుకు జమైనది పక్క గడిలో కంటికి ఆననంత చిన్న అంకెగానూ కనిపించింది. ఈ ఉదాహరణలోనూ మొదటి నెల కట్టే 41,655లో 34,000 వడ్డీకే పోయి, అసలుకు 7,655 మిగులుతాయి. పదేళ్ల పాటు ఒక్క నెలా తప్పకుండా 50 లక్షల దాకా కట్టిన తర్వాత కూడా ఇంకా 33 లక్షల 60 వేలు బాకీ ఉంటుంది.

అదే పదేళ్లు ఆయన అద్దెకే ఉండి, అద్దె ఏటా ఐదు శాతం పెరిగిందనుకుని, చేతిలో ఉన్న 20 లక్షలను ఏడు శాతం వడ్డీకి వేసి, ఈఎంఐకి అద్దెకు మధ్య మిగిలినదాన్ని కూడా నెలనెలా అలాగే పొదుపు చేస్తే, వడ్డీ మీద పన్ను పోకముందు దాదాపు 77 లక్షలు కూడతాయి. కొన్నవారు ఆయనతో సమానం కావాలంటే పదేళ్ల తర్వాత ఫ్లాటు అమ్మి బాకీ తీర్చగా అంతే మిగలాలి, అంటే అది కోటీ పది లక్షల పైన పలకాలి. 60 లక్షలు పదేళ్లలో అంత కావడం ఏటా 6.3 శాతం పెరుగుదలతో సాధ్యం. విశాఖలో అది కాని పనేమీ కాదు, అలాగని ఖాయమూ కాదు. నాలుగు శాతమే పెరిగితే కొన్నవారు 22 లక్షలు వెనకబడతారు, ఎనిమిది శాతం పెరిగితే 19 లక్షలు ముందుంటారు. భవనానికి వయసు మీదపడిన కొద్దీ ఫ్లాటు ధర పక్కనున్న ఖాళీ స్థలం ధరంత వేగంగా పెరగదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది, మా ఆవిడ నాకు తరచూ చెప్పేది కూడా అదే. మిగిలిన పాతిక వేలు నిజంగా బ్యాంకులో పడాలి. బండి మార్చడం, మేనకోడలి పెళ్లికి తులం బంగారం, అరకు వెళ్లి రావడం అంటూ నాలుగు నెలలు ఆ సొమ్ము కరిగిపోతే అద్దెకుండి మిగిల్చేదేమీ ఉండదు. ఈఎంఐ మెడ మీద కత్తే కావచ్చు, కాని పొదుపు అలవాటు లేని ఇంట్లో ఆస్తి మిగిల్చేది చాలాసార్లు ఆ కత్తే.

సొంత ఇంటికి కాగితం మీద కనిపించని ఖర్చులుంటాయి, ఇక్కడ వాటిలో పెద్దది ఉప్పు గాలి. లాసన్స్‌బే కాలనీలో మా బంధువుల ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు బాల్కనీ గ్రిల్లు మీద చెయ్యి వేస్తే రంగుతో పాటు తుప్పు పెచ్చులుగా ఊడి వేళ్లకు అంటుకుంది. పైకి చూస్తే శ్లాబు అడుగున సిమెంటు రాలిపోయి రెండు జానల మేర ఊచ బయటపడి ఉంది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో ఏసీ బయటి యూనిట్లు, కిటికీ బందులు, గీజరు పైపులు ఊరి లోపలి వాటికంటే ముందే పోతాయి, బయటి గోడలకు రంగులు కూడా తొందరగా వేయించాల్సి వస్తుంది. పోర్టు దగ్గర వన్‌టౌన్, జ్ఞానాపురం వైపైతే బొగ్గు దుమ్ము సమస్య వేరు, సాయంత్రానికి కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లటి గీత పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా భవనంలో సగం కిటికీల అద్దాలు పగిలాయి, కరెంటు లేదు, మోటారు ఆడక నీళ్లూ లేవు. అప్పటి మా ఎదుటి అద్దెదారులు పిల్లలను తీసుకుని విజయనగరంలో పుట్టింటికి వెళ్లిపోయారు. నేను గాజు ముక్కలు ఎత్తి, ధర రెట్టింపు చెప్పిన అద్దాల పనివాడి కోసం తొమ్మిది రోజులు ఎదురుచూశాను. ఇవి కాక ఇంటి పన్ను ఒకటి. 2021 నుంచి దాన్ని అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు, కాబట్టి ప్రభుత్వం రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడల్లా పన్ను పెరిగే వీలుంది.

అద్దెదారు కష్టాలు డబ్బు రూపంలో కంటే మర్యాద రూపంలో ఎక్కువ. మేము సీతమ్మధారలో అద్దెకున్న రోజుల్లో, అబ్బాయి పదో తరగతి పరీక్షలకు ఆరు వారాలుందనగా, ఓనరుగారు కూతురికి ఇల్లు కావాలని ఖాళీ చేయమన్నారు. పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోయింది కనుక మాట్లాడటానికేమీ లేదు. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసమని అడ్వాన్సులో ఒక నెల అద్దె తగ్గించుకుని ఇచ్చారు. గోడకు మేకు కొట్టాలంటే అడగాలి, చుట్టాలు పది రోజులుంటే నీళ్ల గురించి మాట వినాలి, కొన్ని ఇళ్లలో వంటింట్లో చేపలు వండకూడదన్న షరతూ ఉంటుంది, చేపల ఊళ్లో ఆ మాట వినడమే విడ్డూరం. ఇల్లు మారిన ప్రతిసారీ గ్యాసు, ఆధార్, స్కూలు బస్సు అన్నీ తిరిగి మొదలు. వీటికి లెక్కలో గడి ఉండదు కాని, ఇంట్లో పెద్దవాళ్లుంటే వీటి బరువు అన్నిటికంటే ఎక్కువ.

ఆదాయపు పన్ను మినహాయింపుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపూ లేదు, సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీ మీద రెండు లక్షల తగ్గింపూ లేదు. పన్ను కోసం ఇల్లు కొనాలన్న పాత సలహా పాత విధానంలో ఉన్నవారికే పనికొస్తుంది.

విశాఖ మధ్యతరగతికి మూడో దారి ఒకటి బాగా అలవాటు: ఊళ్లో అద్దెకుంటూ, ఆనందపురంలోనో తగరపువలసలోనో 150 గజాల స్థలం కొనుక్కోవడం. ఫ్లాటుకు తరుగు ఉంటుంది, మట్టికి ఉండదు కనుక పెరుగుదల అందులోనే ఎక్కువన్నది నిజమే. కాని స్థలం అద్దె తేదు, కాపలా కావాలి, ఏడాదికి రెండుసార్లైనా వెళ్లి హద్దు రాళ్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. అన్నిటికంటే ముందు ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో (దీన్నే 22-ఏ నిషేధిత జాబితా అంటారు) లేదని తేల్చుకోవాలి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, చీమలాపల్లి, పురుషోత్తపురం అనే పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానంతో భూ వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. అక్కడ ఇళ్లు కట్టుకుని తరాలుగా ఉంటున్నవారు కూడా రిజిస్ట్రేషన్ కాక ఇబ్బంది పడ్డారు. తక్కువకు వస్తోందని నోటరీ కాగితం మీద కొనడం కంటే అద్దెకుండటమే వెయ్యి రెట్లు నయం.

కొనాలనే నిశ్చయించుకున్నవారు ఊరి లోపలి పాత ఫ్లాటుకు, శివారులోని కొత్త టవరుకు మధ్య కూడా తూకం వేసుకోవాలి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మురళీనగర్‌లలో పాతికేళ్ల కిందటి నాలుగంతస్తుల భవనాల్లో, ఉదాహరణకు 500 గజాల్లో ఎనిమిది ఫ్లాట్లుంటే, ఒక్కొక్కరికి నేలలో అరవై గజాల పైన విడదీయని వాటా దస్తావేజులో ఉంటుంది. లిఫ్టు మూలిగినా, పార్కింగ్ ఇరుకైనా రేపు భవనం పడగొట్టి కట్టేటప్పుడు మాట చెల్లేది ఆ గజాలకే. మధురవాడ, యండాడ వైపు ఎత్తైన టవర్లలో ఆ వాటా సగానికి తగ్గడం మామూలే, అక్కడ మనం కొనేది ఎక్కువగా క్లబ్‌హౌసు, ఈతకొలను, వాటి నెలసరి మెయింటెనెన్సు. ఇంత ధర ఫ్లాటు నిర్మాణంలో ఉండగా కొంటే ఐదు శాతం జీఎస్టీ అదనం, ఇల్లు ఉండటానికి సిద్ధమని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. ఇళ్లు కొనేవారి రక్షణకు తెచ్చిన రెరా చట్టం ప్రకారం ఒప్పందం రిజిస్టరు కాకముందు పది శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు. మన రాష్ట్రంలో అనుమతిచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు కనుక, మీరు చూస్తున్న ఫ్లాటు ఆ భాగంలో ఉందా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. నా మొదటి ప్రయత్నంలో నేను ఇది అడగలేదు. అడ్వాన్సు వెనక్కి రాబట్టుకోవడానికి పధ్నాలుగు నెలలు ఆ బిల్డరు ఆఫీసు మెట్లెక్కాను.

ఇక నా తీర్పు. మూడు నాలుగేళ్లలో బదిలీ అవకాశమున్న నౌకాదళం, రైల్వే, బ్యాంకు ఉద్యోగులు, రుషికొండలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు అద్దెకుండడమే మేలు. రిజిస్ట్రేషన్‌కు పోసిన ఏడున్నర శాతమే అంత తక్కువ కాలంలో తిరిగి రాదు. పదేళ్ల పైన ఇక్కడే ఉంటామని తెలిసి, పిల్లల చదువు మధ్యలో ఉండి, ఈఎంఐ ఇంటి ఆదాయంలో మూడో వంతు దాటని వారు కొనుక్కోవచ్చు, అదీ వార్త వేడి మీద కాకుండా, కట్టి పూర్తయిన ఇల్లు, ఊరి లోపల. కేవలం ధర పెరుగుతుందన్న ఆశతో రెండో ఫ్లాటు కొని 3.2 శాతం అద్దెకు ఇవ్వడాన్ని నేను ఎవరికీ చెప్పను.

ఎదురింటాయనది ప్రభుత్వరంగ బ్యాంకు ఉద్యోగం, ఏ జూన్‌లోనైనా బదిలీ ఉత్తర్వు రావచ్చు. ఈ లెక్కంతా కాగితం మీద వేసి ఇస్తే రెండు రోజులు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఓనరుగారితో మాట్లాడి అద్దె 800 పెంచడానికి ఒప్పుకుని మరో పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నారు. దానికి బదులుగా హాల్లో పుస్తకాల అలమర కోసం నాలుగు మేకులు కొట్టుకోవడానికి అనుమతి సంపాదించారు. నిన్న సాయంత్రం డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు మా గోడలో కూడా వినిపించింది.