రోమ్ రాజుల కథ, లివీ కలం నుంచి: మొదటి ఐదు సంపుటాల ఇంగ్లీషు అనువాదంపై సమీక్ష

ప్రాచీన రోమన్ చరిత్రకారుడు లివీ రచించిన రోమ్ చరిత్ర 142 సంపుటాల్లో నేటికి మిగిలినవి 35 మాత్రమే. వాటిలో మొదటి ఐదింటిని ఒకే పుస్తకంగా కూర్చిన ఈ ఇంగ్లీషు అనువాదం, ప్రాచీన రోమన్లు రాజ్యాధికారాన్ని ఏ దృష్టితో చూశారో తెలుసుకోదలచినవారు తప్పక కొనదగినది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మొదటి సంపుటం. క్రీస్తుపూర్వం 753 నుంచి 509 వరకు సాగిందని చెప్పే ఏడుగురు రాజుల పాలన అంతా అందులోనే ఉంది.

రాజులందరినీ నిరంకుశులని ఒకే గాటన కట్టకపోవడం లివీ గొప్పతనం. సింహాసనం ఎవరి సమ్మతితో దక్కిందన్నదే ఆయన పదేపదే పట్టించుకునే ప్రశ్న. తొలి రాజు రోములస్ తర్వాత సెనేటర్లు, అంటే పెద్దల సభ సభ్యులు, ఐదేసి రోజుల చొప్పున వంతులవారీగా ఏలారని, ఒక్క యజమాని స్థానంలో వందమంది వచ్చిపడ్డారని జనం సణిగారని, చివరికి ప్రజలు ఎన్నుకొన్న రాజును సెనేట్ ఆమోదించే పద్ధతి కుదిరిందని వివరిస్తాడు. ఆ రెండు అంగీకారాల్లో ఏదీ లేకుండా గద్దెనెక్కినవాడు చివరి రాజు టార్క్వినియస్ సుపర్బస్.

అతని చిత్రణలో ఒక ఘట్టం మరపురానిది. రోమ్‌కు శత్రువైన గాబీ నగరంలో చేరి, అక్కడివారి నమ్మకం సంపాదించిన రాజు కొడుకు, ఇక ఏం చేయమంటారని దూతను పంపుతాడు. రాజు పెదవి విప్పకుండా తోటలో తిరుగుతూ, ఎత్తుగా ఎదిగిన గసగసాల మొక్కల తలలను కర్రతో కొట్టేస్తాడు. దూతకు అర్థం కాకపోయినా కొడుకు గ్రహిస్తాడు. గాబీ ప్రముఖులు హతమవడమో, దేశం విడిచిపోవడమో జరుగుతుంది. దీనిని పోలిన కథ గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రచనలో, పైరు వెన్నులతో, ముందే ఉంది. రోమన్ చరిత్రకారులు తమ నిరంకుశుడి రూపాన్ని గ్రీకుల నుంచి కూడా తెచ్చుకున్నారనడానికి ఇది మంచి ఆధారం. ఇంతటి విషయాన్ని ఈ ప్రతిలోని వివరణలు ప్రస్తావించకపోవడం పెద్ద లోపమే.

అనువాదం సాఫీగా, గంభీరంగా నడుస్తుంది. పేర్ల సూచిక బాగుంది, పటాలు మాత్రం చాలవు. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో, అంటే ఆ రాజరికం అంతమైన సుమారు 480 ఏళ్ల తర్వాత లివీ ఈ రచన చేపట్టాడు. తొలినాటి గాథలను నిజమనీ, అబద్ధమనీ తాను తేల్చబోనని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. కాబట్టి ముందుమాటను దాటవేయకూడదు.

మొదటి సంపుటంతో ఆగిపోవడమూ సరికాదు. చివరి రాజును వెళ్లగొట్టిన బ్రూటస్, ప్రజలు స్వేచ్ఛకు సిద్ధపడకముందే మునుపటి రాజుల్లో ఎవరినైనా కూలదోసి ఉంటే దేశానికి తీరని కీడు చేసినవాడయ్యేవాడన్న లివీ తీర్పు రెండో సంపుటం ఆరంభంలోనే ఉంది.