అనంతపురం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టు ట్యాక్సీ: నా కుడికాలు ఊరుకుంది

ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు తోలాను. రిటైరయ్యాక ఒక జబ్బు మిగిలింది. ఎవరి కారులో ముందు సీట్లో కూర్చున్నా నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది.

పోయిన నెల కోడలిని విమానం ఎక్కించాలని ఊళ్లోనే ఒక ట్రావెల్స్ కారు మాట్లాడుకున్నాం. రాత్రి ఒకటిన్నరకు రమ్మంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కోడలికి టెన్షన్. "కొంచెం స్పీడుగా పోనీయప్పా" అన్నాను. ముప్పై దాటని పిల్లోడు, "పోదాం సామీ, కానీ ఎనభై దాటను" అన్నాడు.

నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు 100 దాకా పోవచ్చని 2018లోనే కేంద్రం చెప్పింది కదా అన్నాను. బోర్డు మీద అంతకన్నా తక్కువుంటే బోర్డే లెక్క, అది వేరే సంగతి. "రాత్రిపూట నా లైటు పడినంత దూరమే నా స్పీడు సామీ" అన్నాడు. నోరు మూసుకున్నాను. డిపోలో కొత్తవాళ్లకు నేను చెప్పిన మాటే అది! ఎనభైలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే అంత రోడ్డు అయిపోతుంది. దారంతా కలిపి అటూ ఇటూగా 180 కిలోమీటర్లు. వందలో పోయినా మిగిలేది అరగంట కూడా కాదు.

లారీని దాటేటప్పుడు ఒకసారి స్పీడు ఎనభై దాటిందని కారు కుయ్‌మంది. దాటగానే తగ్గించి ఎడమ లేన్‌లోకి వచ్చేశాడు. పెనుకొండ దగ్గర లైటు లేని బైకొకటి రాంగ్ రూట్‌లో ఎదురొచ్చింది. నా కాలు లేచింది, కానీ దాబా లైట్లు కనబడినప్పుడే వాడు అరవైకి దించేశాడు. దారి మొత్తంలో నా కాలు కదిలింది ఆ ఒక్కసారే.

వెనక సీటు బెల్టు బకిళ్లు మాత్రం సీటు కవరు కింద ఉన్నాయి. కోడలు వేళ్లు పెట్టి తవ్వుకోవాల్సి వచ్చింది. వెనకవాళ్లూ బెల్టు పెట్టుకోవాల్సిందే, లేకపోతే 1,000 రూపాయల ఫైన్. కవరు కోసి బకిళ్లు పైకి తీయడానికి ఎంతసేపు పడుతుంది? టోల్ కూడా కలిపే అని చెప్పి చివర్లో విడిగా అడిగారు. ఓనర్‌తో ఫోన్లో పది నిమిషాలు గొడవ.

డ్రైవర్‌కు ఐదు స్టార్లు, ట్రావెల్స్‌కు మూడు. సంక్రాంతికి కోడలు వస్తుంది. ఆ పిల్లోణ్ణే పంపిస్తామంటే మళ్లీ పిలుస్తాను. టైం మాత్రం అరగంట ముందుకు చెప్తాను.