జేబులో పట్టే కెమెరాతో వెనకంతా మసకగా వస్తుందా?

సోనీ ఆర్‌ఎక్స్100, 2012లో వచ్చిన మొదటి మోడల్. సెకండ్‌హ్యాండ్‌లో కొని ఆర్నెల్లుగా వాడుతున్నా. ఎఫ్1.8 అన్న అంకె (లెన్సు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పేది, అంకె చిన్నదైతే మసక ఎక్కువ) చూసి మురిసిపోయి కొన్నాను, ఒప్పుకుంటా.

మొదటి ఆదివారమే మా పాపని బెంగళూరు లాల్‌బాగ్ తోటకి తీసుకెళ్లి, జూమ్ చేయకుండా ఎఫ్1.8 పెట్టి నిలువెత్తు ఫొటో తీశా. పాప స్పష్టంగా ఉంది. వెనక వేరుశనక్కాయల బండి, బండాయన మీసం కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి! తప్పు కెమెరాది కాదు. లోపల ఫొటోని పట్టే సెన్సర్ 13.2 × 8.8 మిల్లీమీటర్లే, మసక విషయంలో ఈ ఎఫ్1.8, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో దాదాపు ఎఫ్5తో సమానం.

మరి దారేమిటి? మనిషి ముఖానికైతే జూమ్ చివరిదాకా లాగాలి. అక్కడ ఎఫ్4.9కి పడిపోతుంది, అయినా మసక ఎక్కువే వస్తుంది. మనిషికి దగ్గరగా నిలబడాలి, వెనక గోడ గానీ చెట్టు గానీ దూరంగా ఉండాలి. పాపని గోడకి ఆనించి నిలబెడితే ఏ లెన్సూ కాపాడదు.

పువ్వులకి లెక్క తిరగబడుతుంది. జూమ్ లేకుండా 5 సెంటీమీటర్ల దాకా జరగొచ్చు. గాంధీ బజార్‌లో కనకాంబరాల మాల అలా తీస్తే వెనకున్న బుట్టలన్నీ రంగుల ముద్దలైపోయాయి. మా ఆవిడ ఫోన్‌లో ఇప్పుడదే వాల్‌పేపర్.

ఒక్క ఇబ్బంది: షటర్ వేగం సెకనులో 1/2000వ వంతు దాటదు, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లోపల లేదు. మిట్టమధ్యాహ్నం ఎఫ్1.8 పెడితే ఫొటో తెల్లబోతుంది. నేనైతే పొద్దున్నే ఏడింటికి వెళ్తున్నా, టిఫిన్ కూడా కలిసొస్తుంది.