వీల్‌చైర్ పాత్రలు: టీవీ డ్రామా మేలా, ఫ్యాన్ ఫిక్షన్ మేలా?

అమెరికన్ సూపర్‌హీరో సిరీస్ ‘యారో’ నాలుగో సీజన్‌లో, 2016 ఫిబ్రవరిలో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఫెలిసిటీ తన కాబోయే భర్తతో తెగతెంపులు చేసుకుంటుంది. చెప్పాల్సింది చెప్పేసి, వీల్‌చైర్‌లోంచి లేచి నిలబడి, నడుచుకుంటూ వెళ్లిపోతుంది. అంతకు కొన్ని ఎపిసోడ్ల ముందే తూటాలు తగిలి ఆమె కాళ్లు పడిపోయాయి. ఈలోగా ఒంట్లో ఒక చిప్ పెట్టారు, నడక వచ్చేసింది. సీన్ బాగా తీశారు, కాదనను. కానీ అలిగి వెళ్లిపోవడానికి కాళ్లే కావాలా? చక్రాలు గిర్రున తిప్పుకుని, తలుపు ధడేల్మని వేసి పోతే ఆ అబ్బాయికి అర్థం కాదా?

ఇలాంటివి చూసి ఒళ్లు మండిన అభిమానులు కొందరు కథను తామే తిరగరాసుకుంటారు. అదే ఫ్యాన్ ఫిక్షన్. కొత్త అలవాటేం కాదు. అంతరిక్ష కథల టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్’ అభిమానులు 1967లోనే ‘స్పాకనేలియా’ అని చిన్న పత్రిక వేసుకుని పంచుకున్నారు. ఇప్పుడు ఇలాంటి కథలకు పెద్ద అడ్డా 2009లో మొదలైన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’. లాభాలు చూసుకోని ఒక సంస్థ దాన్ని నడుపుతోంది. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పెద్ద పేరున్న హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

వీల్‌చైర్‌లో బతికే మనిషిని మనిషిలా చూపించడంలో ఈ రెండింటిలో ఏది మేలు? నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ పాత్ర వేసింది నిజంగా వీల్‌చైర్ వాడే నటుడైతే టీవీ. కాకపోతే ఫ్యాన్ ఫిక్షన్. అయితే ఈ రెండో మాట చెప్పడానికి నాకు కాస్త బెరుకుగానే ఉంది, ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు టీవీ సంగతి. బ్రిటిష్ జమీందారీ కుటుంబం కథ ‘డౌన్టన్ యాబీ’ రెండో సీజన్ 2011లో వచ్చింది. మాథ్యూ యుద్ధంలో దెబ్బతిని వస్తాడు. ఇక నడవడు, పిల్లలూ పుట్టరు అంటారు. కొన్నాళ్లకు కాబోయే భార్య ట్రే పట్టుకుని వెళ్తూ తూలబోతుంది. మాథ్యూ ఠక్కున లేచి పట్టుకుంటాడు. అంతే, అయిపోయింది. వెన్నుపాము దెబ్బతినలేదు, కమిలింది మాత్రమేనని డాక్టర్ తర్వాత సర్దిచెబుతాడు. ఒక పేషెంటు వెన్ను గురించి అంత పెద్ద మాట అనేముందు ఇంకో నాలుగు రోజులు చూడాల్సింది కదా అని నాకు ఆ డాక్టర్ మీదే కోపం వచ్చింది.

స్కూల్ పిల్లల పాటల బృందం కథ ‘గ్లీ’లో ఆర్టీ అనే కుర్రాడికి చివరిదాకా వీల్‌చైర్ ఉంది, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ సిరీస్ ఆ కుర్రాణ్ణి లేపి నిలబెట్టకుండా ఉండలేకపోయింది. 2010 మేలో వచ్చిన ఎపిసోడ్‌లో పగటికలలో లేచి డాన్స్ చేస్తాడు. అదే ఏడాది క్రిస్మస్ ఎపిసోడ్‌లో కాళ్లకు తొడిగే యంత్రం బహుమతిగా వస్తే దాంతో నడుస్తాడు. 2012 క్రిస్మస్‌కు మళ్లీ కల. వేషం వేసిన కెవిన్ మెక్‌హేల్ నడవగలడు, నాట్యం వచ్చినవాడు. అలాంటివాడు సెట్‌లో ఉంటే ఒకసారి లేపి ఆడిద్దామని ఏ దర్శకుడికైనా చెయ్యి దురద పెడుతుంది. ఈ అద్భుతాల వెనక వైద్యం కన్నా ఈ దురదే ఎక్కువని నా అనుమానం. అమెరికన్ టీవీలో వికలాంగ పాత్రల్లో 95 శాతానికి పైగా ఆ వైకల్యం లేని నటులే వేస్తున్నారని, వికలాంగుల కోసం పనిచేసే రూడర్మన్ ఫౌండేషన్ 2016లో లెక్క తేల్చింది. అంటే లేపి నిలబెట్టే వీలు దాదాపు ప్రతి సెట్‌లోనూ ఉన్నట్టే.

కథ అల్లే పద్ధతిలోనూ ఒక చిక్కుంది. సీరియల్‌లో తెచ్చిపెట్టిన కష్టాన్ని తీర్చాలి, లేకపోతే చూసేవాళ్లు ఊరుకోరని రచయితల భయం. అప్పు తీరుతుంది, కేసు గెలుస్తారు, విడిపోయినవాళ్లు కలుస్తారు. వీల్‌చైర్‌నూ అదే వరసలో కట్టేస్తే అదీ సీజన్ ముగిసేలోపు తీరాల్సిన కష్టమే అవుతుంది. మన భాషా తక్కువ తినలేదు. ‘ప్రమాదంలో గాయపడి చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు’ అని పేపర్లో ఎన్నిసార్లు చదివి ఉంటాం? ఆ కుర్చీ లేకపోతే కదా మంచానికి పరిమితమయ్యేది! కుర్చీ వచ్చాకే గుమ్మం దాటి బయటికి వెళ్తున్నాడు.

ఇదే టీవీ, వీల్‌చైర్ వాడే నటుణ్ణి తెచ్చుకున్నప్పుడు వేరే మనిషైపోతుంది. బ్రిటిష్ క్రైమ్ సిరీస్ ‘సైలెంట్ విట్‌నెస్’లో 2013 నుంచి 2020 దాకా లిజ్ కార్ వేసిన క్లారిసా ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆవిడ వీల్‌చైర్ ఎందుకు వాడుతోందన్నది ఆ సిరీస్ పెద్ద మిస్టరీ చేయదు. వెటకారంగా మాట్లాడుతుంది, ఆధారాలు పట్టుకుంటుంది, ఇంటికి పోతుంది. ‘స్పీచ్‌లెస్’ డ్రామా కాదు, కామెడీ. అయినా దాని మొదటి ఎపిసోడ్ చెప్పకుండా ఉండలేను. వీల్‌చైర్ వాడే కుర్రాడు జేజే కొత్త స్కూల్‌కి వస్తాడు. వీల్‌చైర్ ఎక్కే ర్యాంప్ అక్కడ ఒక్కటే ఉంటుంది, అది చెత్త తరలించే ర్యాంప్. వాళ్లమ్మ అక్కడే గొడవకు దిగుతుంది. వైకల్యం మీద పది నిమిషాల ఉపన్యాసం ఇచ్చినా ఆ ఒక్క ర్యాంప్ చెప్పినంత చెప్పలేదు. జేజే వేషం వేసిన మైకా ఫౌలర్‌కు నిజంగానే సెరిబ్రల్ పాల్సీ ఉంది, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు మాట వినని పరిస్థితి.

‘సెక్స్ ఎడ్యుకేషన్’లో ఐజాక్‌గా చేసిన జార్జ్ రాబిన్సన్‌కు రగ్బీ ఆడుతుండగా మెడ దగ్గర వెన్నుకు దెబ్బ తగిలింది. 2021లో వచ్చిన మూడో సీజన్‌లో మేవ్‌తో అతను దగ్గరయ్యే సీన్ ఉంది. తనకు ఎక్కడ స్పర్శ తెలుస్తుందో, ఎక్కడ తెలియదో అతనే చెబుతాడు, ఆమె వింటుంది. జాలి లేదు, పాఠమూ లేదు. 2023లో వచ్చిన నాలుగో సీజన్‌లో కాలేజీ లిఫ్ట్ మాటిమాటికీ పాడవుతుంటే చివరికి పిల్లలు నిరసనకు దిగుతారు. పాడైపోయిన లిఫ్ట్! విలన్ లేడు, తూటా లేదు. వీల్‌చైర్ వాడేవాళ్ల రోజులో అసలు డ్రామా అంటే ఎక్కువగా ఇదే.

నాకు దీని గురించి తెలిసింది బొటాబొటిగానే. మడమ విరిగి ఆరు వారాలు వీల్‌చైర్‌లో తిరిగాను, అంతే. జీవితమంతా వాడేవాళ్ల అనుభవంతో దానికి పోలిక లేదు. కానీ ఒకటి మర్చిపోలేను. ఒకరోజు ఆసుపత్రి వరండాలో నన్ను తోసుకెళ్తున్న మనిషికి ఫోన్ వచ్చింది. కుర్చీని పక్కకు తిప్పి, బ్రేక్ వేసి, మాట్లాడుతూ నాలుగడుగులు అవతలికి వెళ్లాడు. నా ముఖానికి జానెడు దూరంలో గోడ. వెనక జనం పోతున్న చప్పుడు. అది తోయించుకునే రకం కుర్చీ, వెనక చిన్న చక్రాలు, నా చేతికి అందవు. ఐదు నిమిషాలు ఆ గోడ మీద పెచ్చులూడిన సున్నం చూస్తూ కూర్చున్నాను. అతనిది చెడ్డ బుద్ధి కాదు. నన్ను ఎటు తిప్పి ఉంచాడన్నది అతనికి తట్టలేదు, అంతే.

అప్పటినుంచి ఏ డ్రామా చూసినా ముందు కుర్చీనే చూస్తున్నాను. రోజూ తనంతట తాను తిరిగే మనిషికి ఒంటి కొలతలు తీసుకుని తేలికపాటి కుర్చీ చేయిస్తారు. చాలా డ్రామాల్లో ఏళ్ల తరబడి వాడుతున్న పాత్రను కూడా ఆసుపత్రి వరండాలో దొరికే బరువైన ఇనుప కుర్చీలో కూలేస్తారు. అది చూస్తే చాలు, ఆ టీమ్‌లో అడగదగిన మనిషిని ఎవరూ అడగలేదని తెలిసిపోతుంది.

ఇక ఫ్యాన్ ఫిక్షన్. దీని పెద్ద బలం తీరిక. టీవీలో మనిషి మంచం మీద ఉంటాడు, కట్ చేస్తే కుర్చీలో ఉంటాడు. మధ్యలో జరిగిందంతా ఎడిటింగ్‌లో పోతుంది. మంచి ఫ్యాన్ ఫిక్షన్ అక్కడే ఆగుతుంది. కుర్చీని మంచానికి ఏటవాలుగా తెచ్చి బ్రేకులు వేయడం, ఫుట్‌రెస్ట్ పక్కకు తిప్పడం, మంచానికీ కుర్చీకీ మధ్య చెక్కపలక ఆనించి చేతుల మీద బరువు మోపి జరగడం, కాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో ఎత్తి పెట్టుకోవడం. గంటకు రెండు మూడుసార్లయినా బరువు అటూ ఇటూ మార్చుకోవాలి, లేకపోతే స్పర్శ తెలియని చోట పుండ్లు పడతాయి. మూత్రం కోసం పెట్టుకునే క్యాథెటర్ గొట్టం, చలికాలంలో కాళ్లు వాటంతటవే కొట్టుకోవడం, వాన పడ్డాక తడి చక్రం పట్టుకుంటే అరచేతులకు అంటే మురికి. కథ నడుస్తూనే ఇవన్నీ పక్కన జరిగిపోతుంటాయి. అలాంటి కథ చదివినప్పుడు రాసినవాళ్లకు ఇదంతా ఇంటి సంగతేమో అనిపిస్తుంది.

రెండో బలం, ఖాళీలు పూరించడం. ఉదాహరణ సినిమా నుంచి ఇవ్వాల్సి వస్తోంది. ‘ఎక్స్‌మెన్: ఫస్ట్ క్లాస్’ 2011లో, ఎదుటివాళ్ల మనసు చదవగల చార్లెస్ వెన్నులో తూటా దిగడంతో ముగింపుకొచ్చింది. తర్వాతి భాగం 2014లో వచ్చేసరికి అతను ఒక మందు ఎక్కించుకుని నడుస్తుంటాడు, దానికి బదులుగా తన మనోశక్తిని పోగొట్టుకుని. మధ్యలో మూడేళ్లు అభిమానుల చేతిలో ఉన్నాయి. మెట్లతో నిండిన ఆ పాత భవంతిలో మొదటి రోజు ఎలా గడిచింది? తూటాకు కారణమైన స్నేహితుడు తిరిగొస్తే ఎవరి కళ్లలోకి ఎవరు చూడగలరు? సినిమా దాటేసిన ప్రశ్నలన్నీ వాళ్లకు దక్కాయి.

మూడోది, లేచి నిలబడగలిగేవాళ్లు. వీల్‌చైర్ వాడేవాళ్లలో చాలామంది నాలుగడుగులు వేయగలరు, కొన్ని రోజులు అసలు కుర్చీ అక్కర్లేకుండానే గడుపుతారు. డ్రామాలో మాత్రం కుర్చీలోంచి లేచాడంటే రెండే అర్థాలు: అద్భుతమైనా జరిగింది, లేదా ఇన్నాళ్లూ నాటకమైనా ఆడాడు. విలన్ చీకట్లో లేచి నిలబడితే వెనక నుంచి ధన్‌మని మ్యూజిక్. ఈ పిచ్చి వల్లే బయట, సూపర్‌మార్కెట్‌లో పై అర అందుకోవడానికి లేచిన మనిషిని జనం దొంగను చూసినట్టు చూస్తారు. ఫ్యాన్ ఫిక్షన్‌లో మాత్రం పొద్దున కర్రతో, సాయంత్రం కుర్చీలో తిరిగే పాత్రలు ఏ వివరణా లేకుండా కనిపిస్తాయి.

ఇప్పుడు నా బెరుకు సంగతి. ఫ్యాన్ ఫిక్షన్‌లో ‘హర్ట్ కంఫర్ట్’ అని ఒక పెద్ద పాయ ఉంది. ఒకరికి దెబ్బ తగలాలి, ఇంకొకరు సేవ చేయాలి, ఆ సేవలోంచి ప్రేమ పుట్టాలి. చదవడానికి హాయిగానే ఉంటుంది, నేనూ రాత్రి రెండింటిదాకా చదివిన రోజులున్నాయి. కానీ ఈ పాయలో వీల్‌చైర్ వచ్చిందంటే అది ఎక్కువగా కూర్చున్నవాళ్ల కథ కాదు, తోసేవాళ్ల కథ. మళ్లీ మళ్లీ కనబడే సీన్ ఒకటుంది. హీరో ఆమెను అడక్కుండా రెండు చేతుల్లో ఎత్తుకుని సోఫాలో కూర్చోబెడతాడు. దుప్పటి కప్పుతాడు. సినిమా పెట్టుకుంటారు. కుర్చీ గది అవతలి మూల ఉండిపోతుంది, దాని గురించి మళ్లీ ఒక్క వాక్యం ఉండదు. అతను వంటింట్లోకి వెళ్లాడనుకోండి, ఆమెకు బాత్రూమ్‌కి వెళ్లాలనిపించిందనుకోండి. ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. అది చదివినప్పుడల్లా నాకు ఆ సున్నం పెచ్చులే కళ్లముందు కదులుతాయి.

అందుకే నా దగ్గర రెండు వేర్వేరు కొలతలున్నాయి. టీవీ అయితే కుర్చీలో ఎవరు కూర్చున్నారని చూస్తాను. ఫ్యాన్ ఫిక్షన్ అయితే కుర్చీని ఎవరు తోస్తున్నారని చూస్తాను.

నయం చేసేసే జబ్బు ఫ్యాన్ ఫిక్షన్‌కూ ఉంది. జరిగిన ఘోరాన్ని జరగనట్టు మార్చే ‘ఫిక్స్ ఇట్’ కథల్లో చాలాసార్లు మొదట మాయమయ్యేది వీల్‌చైరే. తేడా అల్లా, ఇక్కడ కథకు ముందే, లోపల ఏముందో చెప్పే ట్యాగులు కట్టి ఉంటాయి. నయమైపోయే కథని ముందే తెలిస్తే తప్పుకుని పోవచ్చు. పైగా రాసినవాళ్లకు నేరుగా చెప్పొచ్చు. వెన్ను నడుము దగ్గర దెబ్బతింటే చేతులు పనిచేస్తాయండీ అంటే, తర్వాతి అధ్యాయంలో సరిదిద్దేవాళ్లున్నారు. టీవీలో ఒకసారి ప్రసారమైతే అంతే సంగతులు.

పోనీ, టీవీ అసలు మారదా అంటే మారుతుంది, కాకపోతే నత్తనడక. బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ ‘డాక్టర్ హూ’లో డావ్రోస్ 1975లో పుట్టాడు, సగం యంత్రంలాంటి చక్రాల పీఠంలో కూర్చుని లోకాన్ని నాశనం చేయాలని చూసే విలన్. 2023 నవంబర్‌లో ఒక చిన్న ఎపిసోడ్‌లో అతన్ని మామూలుగా నిలబడ్డ మనిషిగా చూపించారు. వీల్‌చైర్‌ను దుర్మార్గంతో ముడిపెట్టే పాత అలవాటు ఇక వద్దనుకున్నామని నిర్మాత రస్సెల్ టి. డేవిస్ చెప్పాడు. అభిమానుల్లో కొందరు గొడవపెట్టారు. అదే నెలలో అదే సిరీస్‌లో షెర్లీ వచ్చింది. వీల్‌చైర్‌లోంచి ఆయుధాలు పేల్చే సైంటిస్టు, వేసింది వీల్‌చైర్ వాడే నటి రూత్ మాడ్లీ. 1975 నుంచి 2023 అంటే 48 ఏళ్లు.

‘స్టార్ ట్రెక్’ అయితే ఆ దూరాన్ని కాస్త తొందరగానే దాటింది. 1966లో కెప్టెన్ పైక్‌ను ఒక పెట్టెలాంటి కుర్చీలో పెట్టి, ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు లైటు వెలిగించడం తప్ప ఇంకేం చేయనివ్వలేదు. 1993లో ‘డీప్ స్పేస్ నైన్’లో మెలోరా వచ్చింది. ఆమెది గురుత్వం తక్కువున్న గ్రహం, స్టేషన్‌లో తిరగాలంటే వీల్‌చైర్ కావాలి. నడిపించే చికిత్స ఉందని డాక్టర్ అంటాడు. మొదలుపెట్టి కూడా చివరికి వద్దంటుంది, ఎందుకంటే అది పూర్తయితే తన గ్రహంలో మళ్లీ బతకలేదు. ఆ కథ వెనక ఉన్న రచయిత ఇవాన్ కార్లోస్ సోమర్స్ వీల్‌చైర్ వాడే మనిషి. నిజంగా వీల్‌చైర్ వాడే నటే ఉండాలన్న నా లెక్కకు ఇదొక్కటి అడ్డం తిరిగింది. నటి నడవగలదు, రాసింది మాత్రం తెలిసినవాడు.

ఏది మొదలుపెట్టాలి అంటారా? టీవీలో ‘సెక్స్ ఎడ్యుకేషన్’ చూడండి, లిఫ్ట్ గొడవ వచ్చేదాకా ఆగకండి. ఆ తర్వాత మీకు నచ్చిన పాత్ర మీద ఫ్యాన్ ఫిక్షన్ వెతకండి. ట్యాగులు చూసి నయమైపోయే కథలు పక్కన పెట్టేయండి. మిగిలినవాటిలో ఎవరైనా పడుకునే సీన్ ఎక్కడుందో చూసి అక్కడ చదవండి. దీపం ఆర్పేముందు కుర్చీ ఎక్కడుందో రాశారా, అది మంచం మీంచి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉందా చూడండి. ఉంటే మొదటి అధ్యాయం తెరవండి.