రైలు మోడళ్ల చేతి పనిముట్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

రైలు మోడళ్లు కట్టడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది టూల్ కిట్ గురించే. పదిహేను, ఇరవై పనిముట్లు కలిపి జిప్ పౌచ్‌లో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతారు కదా, అది కొననా అని. వద్దు. అందులో నిజంగా పనికొచ్చేవి మూడో నాలుగో ఉంటాయి. వాటికన్నా మంచివి మన విజయవాడలోనే విడివిడిగా దొరుకుతాయి. నేను హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు బండిలో 87వ వంతు సైజులో, మన ఇండియన్ ఇంజిన్లు, ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) రకం బోగీలు కడతాను. ఏళ్ల తరబడి వాడాక నాకు తేలింది ఇది: అంచుతో పని చేసే కట్టర్, డ్రిల్ బిట్ల దగ్గర పిసినారితనం పనికిరాదు. పట్టుకోవడానికి, అరగదీయడానికి వాడేవి ఊళ్లో దొరికేవే బంగారంలా పనిచేస్తాయి.

కట్టర్ సంగతి చూద్దాం. కిట్‌లో ముక్కలు ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి, వాటిని విడదీయడానికే ఇది. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే చవక నిప్పర్ వైర్లు తెంపడానికి చేసింది. ప్లాస్టిక్‌ని అది పిండి తెంపుతుంది, తెగినచోట తెల్లగా పాలిపోతుంది. నీలం, మెరూన్ లాంటి ముదురు రంగు బాడీ మీద ఆ మచ్చ పెయింట్ వేస్తే తప్ప పోదు. నేను వాడేది టామియా అనే జపాన్ మోడల్ కంపెనీ వాళ్ల సన్న మొన సైడ్ కట్టర్. దాని చదును వైపు మనకు కావాల్సిన ముక్క వైపు పెట్టి, ముందు కాస్త ఎడంగా, తర్వాత దగ్గరగా, రెండు విడతల్లో కత్తిరిస్తే ఆకురాయి అవసరమే పెద్దగా రాదు. దాంతో ఇత్తడి తీగ మాత్రం తెంపకండి. అంచు మీద గాటు పడిందంటే ఆ తర్వాత ప్రతి ముక్క మీదా అది గీతగా కనిపిస్తుంది. చవక నిప్పర్ కూడా నా దగ్గర ఉంది, తీగలకి అదే.

ఇక నాకు ప్రాణమైనది పిన్ వైస్, చేత్తో తిప్పే బుల్లి బరమా. డబ్ల్యూడీఎం-2 లాంటి డీజిల్ ఇంజిన్‌కి రెండు పక్కలా పొడుగునా హ్యాండ్‌రెయిల్ ఉంటుంది. చవక మోడళ్లలో అది ప్లాస్టిక్‌తో లావుగా పోసి ఉంటుంది. దాన్ని తీసేసి 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ పెట్టి చూడండి, బండి రూపే మారిపోతుంది. 0.4ని 87తో గుణిస్తే దాదాపు 35 మిల్లీమీటర్లు, పిడికిట్లో ఇమిడే పైపు మందం. ఆ తీగకి 0.5 బిట్ సరిపోతుంది.

ముందు సూది మొనతో చిన్న గుంట నొక్కాలి, లేకపోతే బిట్ జారి బాడీ మీద గీత పడుతుంది. వైస్ వెనక తిరిగే టోపీని అరచేతికి ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా తిప్పుతుంటే ప్లాస్టిక్ సన్నటి చుట్టలుగా పైకి లేస్తుంది. చుట్టలు ఆగి పొడి రాలడం మొదలైతే బిట్ మొద్దుబారిందన్నమాట. ఈ బిట్లు ఎక్కువగా విరిగేది పక్కకి వంగినప్పుడే. అందుకే వైస్ నోట్లోంచి బిట్‌ని కొంచెమే బయటికి ఉంచి బిగించాలి. కొనేటప్పుడు షాపులోనే ఒక బిట్ బిగించి తిప్పి చూడండి. మొన కదలకుండా ఒకేచోట తిరగాలి. వలయంలా ఊగితే అది ఎంత చవకైనా వదిలేయండి.

కత్తికి హాబీ నైఫ్ వెతకక్కర్లేదు. సూర్యారావుపేటలో సర్జికల్ షాపుకి వెళ్లి 3వ నంబర్ హ్యాండిల్, దానికి 11వ నంబర్ బ్లేడ్లు అడగండి. ముక్కల మీద అచ్చు వదిలిన గీతలు గీకడానికి, డెకాల్స్ (బండి మీద అంటించే అక్షరాలు, నంబర్ల పలచటి స్టిక్కర్లు) కత్తిరించడానికి దాన్ని మించింది లేదు. బ్లేడ్ పలచన కాబట్టి మందపు ప్లాస్టిక్ మీద బలంగా నొక్కకూడదు, విరిగి ఎగురుతుంది. మార్చేటప్పుడు వేళ్లతో కాదు, పటకారుతో లాగండి. వాడేసిన బ్లేడ్లు మూత ఉన్న సీసాలోకి. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

ట్వీజర్లు మొబైల్ రిపేర్ షాపుల్లో తీసుకోండి, అయస్కాంతం అంటని స్టీలువి. మామూలు స్టీలైతే కొన్నాళ్లకి అయస్కాంతంలా మారి, బోగీ స్క్రూ వదలమన్నా వదలదు. సూది మొనది ఒకటి, డెకాల్ చిరగకుండా చదును మొనది ఒకటి చాలు. సన్న ఆకురాళ్లు కంసాలి సామాన్లమ్మే చోట దొరుకుతాయి. వాడే ముందు పళ్లకి సుద్దముక్క రుద్దితే ప్లాస్టిక్ అంత త్వరగా ఇరుక్కోదు.

వెర్నియర్ కాలిపర్ లేకుండా మాత్రం ఇందులోకి దిగకండి. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓ లెక్కన 19 పైచిలుకు రావాలి. కానీ మార్కెట్లో దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5. మన బండి దాని మీదే నడవాలి కాబట్టి చక్రాల లోపలి ఎడం 14.4 దగ్గర ఉందో లేదో కొలిచి చూసుకోవాలి. పాయింట్ల దగ్గర, అంటే ట్రాక్ రెండుగా చీలేచోట, బోగీ పదేపదే పట్టాలు దిగిపోతోందంటే ముందు ఇక్కడే అనుమానించండి.

కృష్ణ ఒడ్డున గాలిలో తేమ తక్కువేం కాదు, వానాకాలంలో కట్టర్ కీలు, కార్బన్ స్టీల్ బ్లేడ్లు త్వరగా తుప్పు పడతాయి. పని అయ్యాక కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి తుడిచి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెడతాను. నా కట్టర్ ఇంకా కొత్తదానిలా తెగుతోంది.

మోటార్ డ్రిల్ గురించి కూడా అడుగుతుంటారు. ప్లాస్టిక్ బాడీకైతే అక్కర్లేదు. తక్కువ స్పీడులోనూ అది తిరిగే జోరుకి బాడీ ప్లాస్టిక్ (పాలీస్టైరీన్) వేడెక్కి కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది, రంధ్రం పెద్దదైపోతుంది. ఇత్తడి బాడీలు కట్టేవాళ్లకైతే కొనమనే చెబుతాను.