యూనియన్ లేకుండానా, కంపెనీ యూనియనా, దేశమంతా కలిపి బేరమా.. వర్కర్‌కి ఏది మేలు?

యూనియన్ వస్తే జీతాలు పెరుగుతాయని ఒకడు, ఉన్న ఉద్యోగాలు ఊడతాయని ఇంకొకడు, గంటలు గంటలు కొట్టుకుంటారు గానీ ఆ బేరం ఏ లెవెల్లో జరుగుతోందని మాత్రం అడగరు. నన్నడిగితే తేడా అంతా అక్కడే ఉంది.

యూనియన్ లేకపోతే ఎవరి బేరం వాళ్ళదే. స్కిల్ ఉండి చేతిలో నాలుగు ఆఫర్లు ఉన్నోళ్ళకి ఇదే హాయి, చందా కట్టక్కర్లేదు, సీనియారిటీ గోల లేదు. కానీ చుట్టుపక్కల పనిచ్చేది ఒకే కంపెనీ అయితే? మానేసి ఎక్కడికి పోతాడు, అది తెలిసే జీతం తొక్కిపెడతారు. దీన్నే మోనాప్సనీ అంటారు, 1933లోనే జోన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్త దీని మీద రాసింది. ఇక్కడో తమాషా ఉంది, కొత్తగా ఒకర్ని తీసుకోవాలంటే జీతం పెంచాలి, వాడికి పెంచితే పాతవాళ్ళందరికీ పెంచాలి, ఈ గొడవెందుకని కంపెనీ మనుషుల్ని తీసుకోవడమే ఆపేస్తుంది. యూనియన్ వచ్చి అందరికీ ఒకే రేటు ముందే ఫిక్స్ చేస్తే ఆ లెక్క పోతుంది, జీతమూ పెరిగి ఉద్యోగాలూ పెరగొచ్చు. మరీ పైకి లాగితే మాత్రం తగ్గుతాయి, అది వేరే సంగతి.

కంపెనీ యూనియన్‌కి అమెరికానే చూడండి, అక్కడ బేరం ఎక్కువగా ఏ కంపెనీకి ఆ కంపెనీయే. ఒకే పని, ఒకే అనుభవం ఉన్నా యూనియన్ వాళ్ళకి సుమారు 10 నుంచి 15 శాతం ఎక్కువ వస్తుందని చాలా లెక్కలు చెప్తాయి, అందులోనూ కింది జీతాల వాళ్ళకే లాభం ఎక్కువ. చిక్కెక్కడంటే పక్క కంపెనీలో యూనియన్ లేదు, వాడి ఖర్చు తక్కువ, ఆర్డర్లు అటు పోతాయి. లోపలున్న పర్మినెంట్ వాళ్ళు సేఫ్, కొత్తోళ్ళకి గేటు మూత, లేదంటే కాంట్రాక్ట్. 1950ల్లో అక్కడ ఉద్యోగుల్లో మూడో వంతు యూనియన్లలో ఉండేవాళ్ళు, ఇప్పుడు 10 శాతం దగ్గర్లో ఉన్నారు. అంతా దీనివల్లే అనను, మెషీన్లు, దిగుమతులు, యూనియన్లకి కళ్ళెం వేసిన 1947 టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం, అన్నీ కలిశాయి.

మూడోది దేశమంతా కలిపి బేరం, అంటే స్వీడన్ పద్ధతి. చట్టంలో కనీస వేతనమే లేదు, అయినా పది మందిలో తొమ్మిది మందికి యూనియన్ ఒప్పందం వర్తిస్తుంది. 1997 నుంచి ఎగుమతులు చేసే ఇండస్ట్రీ ముందు ఒప్పుకున్న పెంపునే మిగతావాళ్ళు కొలతగా పెట్టుకుంటారు. జీతం కోసి పోటీ పడే దారి చాలావరకు మూసుకుపోతుంది, ఆ రేటు ఇవ్వలేని కంపెనీ మూతపడుతుంది, అక్కడి మనుషులకి ట్రైనింగ్ ఇచ్చి వేరే పనిలో పెట్టాలి. పైగా ఇంతమంది తరఫున మాట్లాడేటప్పుడు ఉద్యోగాలు పోతే పోయేది మనవాళ్ళవే కదా, అందుకే అడిగేది ఆచితూచి అడుగుతారు. నెదర్లాండ్స్‌లో 1982లో యూనియన్లే పెంపు తగ్గించుకుని, బదులుగా పనిగంటలు తగ్గించమన్నాయి.

అయితే ఇండస్ట్రీకో యూనియన్ పెట్టుకుని ఎవరి పాట వాళ్ళు పాడితే అదే అన్నిటికన్నా చెడ్డదని 1988లో ఆర్థికవేత్తలు కాల్మ్‌ఫోర్స్, డ్రిఫిల్ అన్నారు. ఎవరికి వాళ్ళే రేట్లు పెంచి, భారం పక్కవాళ్ళ మీదకి నెట్టేస్తారు.

కాబట్టి చేతిలో అరుదైన స్కిల్ ఉంటే ఒంటరి బేరమే బెటర్, పనిచ్చేవాడు ఒక్కడే అయితే కంపెనీ యూనియన్ అయినా ఉండి తీరాలి. మొత్తం ఉద్యోగాల లెక్కన నా ఓటు స్వీడన్‌కే, కాకపోతే ట్రైనింగ్ ఖర్చు వదిలేసి ఒక్క రేటు మాత్రమే కాపీ కొడితే మూతపడ్డ కంపెనీల వాళ్ళు రోడ్డున పడతారు.