నెక్లెస్ రోడ్డు ఫ్లెక్సీ మీద పాపిన్స్ బోల్డ్ ఇటాలిక్

మా కాలనీవాసులు నెక్లెస్ రోడ్డులో పెట్టుకున్న ఐదు కిలోమీటర్ల పరుగుకు తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ భాషలలో ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ వేయించే పని నాకు అప్పగించినప్పుడు, ఇంగ్లీషు శీర్షికకు పాపిన్స్ అనే ఫాంటులోని బోల్డ్ ఇటాలిక్‌ను, అంటే మందంగా ఉండి కుడికి వాలిన అక్షరాలను, ఎంచుకున్నాను. ఫాంట్లు తయారుచేసే ఇండియన్ టైప్ ఫౌండ్రీ సంస్థ 2014లో విడుదల చేసిన ఈ ఫాంటులో తొమ్మిది మందాలు, ప్రతి మందానికీ ఒక వాలు రూపం, వెరసి 18 శైలులు ఉన్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద లభిస్తుంది కనుక వ్యాపార ప్రకటనలకు వాడినా రుసుము చెల్లించనక్కరలేదు.

దీని అందమంతా గుండ్రని అక్షరాలలో ఉంది. నిలువు రూపంలో ఇంచుమించు వృత్తంలా ఉండే ఇంగ్లీషు 'O' ఇక్కడ కుడికి ఒరిగిన గుడ్డులా మారి, పరుగు అన్న భావాన్ని బొమ్మ అవసరం లేకుండానే తెలియజేస్తుంది. గీతల మందం దాదాపు ఒకే తీరుగా ఉండడం వల్ల, కొసలకు సెరిఫ్‌లు అనే చిన్న అడ్డుగీతలు లేకపోవడం వల్ల, బండి మీద వెళ్లేవారు సైతం చదవగలిగారు. అయితే ఇది చేతివ్రాత నుంచి పుట్టిన ఇటాలిక్ కాదు; నిలువు అక్షరాన్నే శ్రద్ధగా వాల్చిన రూపం. అక్షరాల వెడల్పు మాత్రం ఇబ్బంది పెట్టింది. హైదరాబాద్ పేరులోని తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు ఒకే వరుసలో పట్టడానికి సైజు తగ్గించవలసి వచ్చింది.

పాపిన్స్‌లో లాటిన్, దేవనాగరి లిపులు ఉన్నాయి గానీ తెలుగు లేదు. జత కుదరాలని డీటీపీ చేసే కుర్రవాడు మా తెలుగు అక్షరాలను కూడా సాఫ్ట్‌వేర్‌తో వాల్చి చూపించాడు. అలా వాల్చినప్పుడు పైనున్న గుడులు కుడికీ, కిందనున్న వత్తులు ఎడమకూ జరుగుతాయి. 'స్త్రీల విభాగం' అన్నచోట వత్తులు తమ అక్షరాన్ని విడిచి బయలుదేరినట్టు కనిపించాయి. వెంటనే తెలుగును నిటారుగా నిలబెట్టించి, అదే ఫౌండ్రీ వారి హింద్ గుంటూరు బోల్డ్‌ను వేయించాను. ఇటాలిక్ లేని ఆ ఫాంటు, వాలిన ఇంగ్లీషు పక్కన, నేను అనుకున్నదానికంటే హుందాగా ఉంది. విచిత్రంగా ఉర్దూతోనే పాపిన్స్ ఇటాలిక్‌కు ఎక్కువ పొత్తు కుదిరింది: ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలిలో మాటలు కుడి నుంచి ఎడమకు దిగుతూ వస్తాయి కనుక, ఎడమ నుంచి చూసే మన కంటికి అవి కుడివైపు పైకి లేస్తున్నట్టే ఉంటాయి.

అడుగున నాలుగు వరుసల నిబంధనలను కూడా ఇదే బోల్డ్ ఇటాలిక్‌లో వేయించడం నా పొరపాటే. చిన్న సైజులో అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయి, బయలుదేరే సమయం ఎంతని ఫ్లెక్సీ ముందు నిలబడినవారే నన్ను అడిగారు. ఆ వరుసలకు పాపిన్స్‌లోనే బోల్డ్ కంటే పలచనైన నిలువు మీడియం సరిపోయేది.